కొంగలలంక పెద్దమ్మాయి

రోజు 203
పెద్దతాడు మందం: 68.1 మిల్లీమీటర్లు

లాగ్‌లో అంకెలు మాత్రమే ఉండాలని బెజవాడ నుంచి సారు మళ్ళీ చెప్పారు. అంకె పైన రాశాను. కింద బోలెడు ఖాళీ ఉంది కాబట్టి అది నా ఇష్టం.

పొద్దున్నే పెద్దమ్మాయికి గంజి పోశాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం చెబుతున్నా, పెద్దమ్మాయి అంటే వంతెన. నూట నలభై మీటర్ల ప్రాణమున్న నార. సముద్రం కొల్లేట్లోకి వచ్చేశాక ఇనుప వంతెన ఏదీ నాలుగేళ్ళు నిలవలేదు. అప్పుడు పశువుల కాళ్ళలో కండను ఎముకకి కట్టే నరంలోని కణాలను తెచ్చి, వాటి చేతే తాళ్ళు పేనించడం మొదలైంది. ఇలాంటి వంతెనకి ఆకలేస్తుంది. గాయమైతే మానుతుంది. మొత్తం బరువు మోసేది అడుగునున్న పెద్దతాడు. రోజూ నేను కొలిచేది దాన్నే.

ఆ కణాలకి బరువు ఎలా తెలుస్తుందో, తెలిశాక అవి ఏం చేస్తాయో చూడ్డానికి నన్ను ఇక్కడికి పంపారు. దీన్ని పోస్ట్‌డాక్ అంటారు. లంకలో ఎవరికీ ఆ మాట నోరు తిరగదు. అందులో డాక్టర్ అన్న ముక్క మాత్రం పట్టుకుని దగ్గులూ మోకాళ్ళూ చూపిస్తారు. నాకు జలుబుకి కూడా మందు తెలియదు మొర్రో అంటే, "మా డాక్టరమ్మకి గర్వం లేదండి" అని ఇంకా మురిసిపోతారు.

గంజి బకెట్ ఎత్తబోతే నాంచారమ్మ లాగేసుకుంది. పందొమ్మిదేళ్ళ కిందట పెద్దమ్మాయిని నార పోగుగా పడవలో తెచ్చినప్పటి నుంచీ ఆవిడే చూసుకుంటోంది. "మీరు ముట్టుకోకండమ్మా, చదూకున్న చేతులు, బొబ్బలెక్కుతాయి" అంది. నేనొచ్చి రెండు వందల రోజులు దాటింది. ఇప్పటిదాకా ఈ లంకలో నా చేత చెంబెడు నీళ్ళు మోయనివ్వలేదు.

పోయిన నెల ఇదే రోజున మందం 69.6. నెలలో ఒకటిన్నర పోయింది. నాకు నచ్చలేదు.


రోజు 210
మందం: 67.0

వంతెనల బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. నా లెక్క ప్రకారం 270వ రోజున వచ్చి కొలుస్తారు. మందం 62 కన్నా తగ్గితే వంతెనను నరికి నీళ్ళలో వదిలేస్తారట. ఇంత పొడవున్న కొత్తది పెరగడానికి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ బడికైనా ఆసుపత్రికైనా పడవే గతి. తుఫాను పట్టిన రోజున పడవ కదలదు.

ఉత్తరం నాంచారమ్మకి చదివి వినిపించాను. ఆవిడ వినడం అయిపోయాక కొంగుతో పెద్దతాడు తుడిచింది. తుడవాల్సింది ఏమీ లేదు అక్కడ.

పోయే మందానికి కారణం వెతకాలి. మొదటి అనుమానం, బరువు తగ్గిందా అని. వంతెన మొగలో, జనం ఎక్కే చోట, నేను పెట్టిన తలలు లెక్కపెట్టే పెట్టె చూశాను. ఆర్నెల్లుగా రోజుకి నాలుగు వందల పన్నెండు మంది, అటూ ఇటూగా. ఏ మార్పూ లేదు. ఆ అనుమానం కొట్టేశాను. ఆ పెట్టె నేను సొంతంగా చేసిందే, తప్పు చెప్పదు.

ఈ లంకవాళ్ళ మర్యాద గురించి కూడా రాయాలి. వంతెన ఎక్కే ముందు చెప్పులు చేతిలో పట్టుకుంటారు. మునివేళ్ళ మీద, పసిపిల్ల నిద్రపోతున్న గదిలో నడిచినట్టు నడుస్తారు. మూటలూ బిందెలూ సైకిళ్ళూ వంతెన ఎక్కవు, అవన్నీ పేరయ్య పడవలో వస్తాయి. పేరయ్య నాంచారమ్మ తమ్ముడు. వంతెనను ఇంత ప్రేమగా చూసే ఊరు నేనెక్కడా చూడలేదు.


రోజు 214
మందం: 66.3

ఇవాళ నాకు పని దొరికింది!

పెద్దమ్మాయి నడుముకి, అంటే నట్టనడుమ ముప్పై మీటర్ల మేర, పసుపు గుడ్డలో చుట్టిన నైలాన్ తాడు ఉంటుంది. అటూ ఇటూ నీళ్ళలో పాతిన గుంజలకి బిగించి కట్టారు. నేనిన్నాళ్ళూ మొక్కుబడి అనుకున్నాను. "నడికట్టండి" అన్నాడు పేరయ్య. రెండేళ్ళ కిందట పెద్దమ్మాయి నడుములోంచి రెండు బారల నార కోసి, తడిగుడ్డలో చుట్టి, పక్కనున్న గుమ్మడిలంకకి పట్టుకెళ్ళారట. అక్కడి చిన్న పాయ మీద దానితోనే కొత్త పొట్టి వంతెన మొలిపించారు. మన లెక్కలో అంటు కట్టడం. వీళ్ళ లెక్కలో కాన్పు. బాలింతకి నడికట్టు కట్టకపోతే ఎలా?

చిక్కిపోతోందని నాంచారమ్మ ఇవాళ ఇంకో చుట్టు బిగించింది. "డాక్టరమ్మా, ఈ కొస పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. నా ఒంటి బరువంతా వేసి లాగాను. నాంచారమ్మ నా వంక మెచ్చుకోలుగా చూసింది. చాలా సంతోషంగా ఉంది.


రోజు 219
మందం: 65.4

పెద్దతాడు నుంచి గోరంత నార తీసి గాజుపళ్ళెంలో పెట్టాను. రెండో అనుమానం ఏమిటంటే, కణాలు ముసలివైపోయి బరువును గుర్తుపట్టే తెలివి పోగొట్టుకున్నాయేమోనని.

కణానికి కళ్ళు లేవు, చెవులు లేవు. చుట్టూ ఉన్న నారను పట్టుకుని లాగి చూస్తుంది. నార ఎదురు లాగితే, ఓహో పని ఉందన్నమాట అని కొత్త నార పేనుతుంది. ఎదురు లాగకపోతే పని లేదనుకుంటుంది. అంతటితో ఊరుకోదు, పాత నారను కూడా కరిగించి తినేస్తుంది. పని లేని మంగలి పిల్లి తల గొరిగినట్టు.

సాగదీసే యంత్రానికి తగిలించి, నిమిషానికి ముప్పైసార్లు మెల్లగా లాగాను. సాయంత్రానికి కొత్త పోగులు మెరుస్తూ కనబడ్డాయి. కణాలు శుభ్రంగా ఉన్నాయి. నాకన్నా చురుగ్గా ఉన్నాయి. మరి వంతెన ఎందుకు చిక్కిపోతోంది?


రోజు 226
మందం: 64.2

ఉప్పు కాదు. గంజి కాదు. పురుగు కాదు. మూడూ పరీక్షించాను. సారు ఫోన్లో, "నీ పరికరం సరిగ్గా ఉందా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఉంది సార్ అన్నాను.

నాంచారమ్మ సరిగ్గా తినడం లేదు. గంజిలో రెట్టింపు బెల్లం కలిపి పోస్తోంది. వావిలాకు కాచిన నీళ్ళతో తాడు తుడుస్తోంది. నడికట్టు మరో చుట్టు బిగించింది. ఈసారి నన్ను పిలవకుండానే వెళ్ళి కొస పట్టుకున్నాను.

"నా చేతుల్లో పెరిగిందమ్మా. నరుకుతుంటే నేను చూడలేను. అప్పుడు నన్ను మాత్రం పడవెక్కించి ఎటన్నా పంపెయ్యండి" అంది. కళ్ళు తుడుచుకోలేదు. నేనే తుడుచుకున్నాను.


రోజు 231
మందం: 63.3

గుమ్మడిలంక వెళ్ళాం. తల్లి జబ్బు బిడ్డకి కూడా ఉందేమో చూడాలి కదా. పేరయ్య పడవలో నేనూ నాంచారమ్మా. బిడ్డను చూసి రెండేళ్ళయిందని ఆవిడ కొత్త చీర కట్టుకుంది.

అక్కడ చూసింది చూసినట్టు రాస్తాను. వంతెన మీద గేదెలు! వరసగా ఏడు, వాటి వెనక దూడ. ఎదురుగా ఐస్ పెట్టెలు కట్టిన సైకిళ్ళు. గేదె ముందు కదలాలా సైకిల్ ముందు కదలాలా అని నడిమధ్యలో ఇద్దరు మనుషులు కాళ్ళు వంతెనకేసి కొడుతూ పోట్లాడుకుంటున్నారు. నాంచారమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఒరే మీకు ఆడపిల్లల్లేరా! పసిదాన్ని అలాగేనా తొక్కడం!" అని ఒడ్డు నుంచే కేకలేసింది.

"పసిదేంటి పిన్నిగారూ, ఇది ఏనుగు కదండీ" అన్నాడు గేదెలాయన.

ఏనుగే. రెండేళ్ళ వంతెన. పెద్దతాడు మందం 81.4. రెండుసార్లు కొలిచాను. నార కూడా తీసి చూశాను. అవే కణాలు, తల్లీబిడ్డలకి పిసరంత తేడా లేదు. గంజి కూడా వాళ్ళు వారానికోసారి, గుర్తొస్తే పోస్తారు.

తిరిగొస్తుంటే పడవలో నాంచారమ్మ గుమ్మడిలంక మగాళ్ళను పేరుపేరునా తిట్టింది. నేను 81.4 అన్న అంకెనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.


రోజు 232
మందం: 63.1

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

నా పెట్టె తలలు లెక్కపెట్టింది, బరువు లెక్కపెట్టలేదు. నాలుగు వందల మంది మునివేళ్ళ మీద నడిస్తే కణానికి అందేదెంత? ఆ అందేది కూడా నడికట్టు మోసేస్తోంది. పొద్దున్న బరువు కొలిచే ముల్లు నడికట్టుకి తగిలించి చూశాను. పెద్దతాడు మీద పడాల్సిన బరువులో ముప్పావు వంతు నైలాన్ మీదే పడుతోంది. కణాలు లాగి చూస్తున్నాయి, ఎదురు లాగేవాళ్ళు లేరు. పని లేదనుకుని ఉన్న నారను తినేస్తున్నాయి. అది చిక్కిన కొద్దీ మేం ఇంకో చుట్టు బిగిస్తున్నాం. బిగించిన కొద్దీ ఇంకా చిక్కుతోంది.

ఒక కొస పట్టుకుని లాగింది నేను. కణాలకి బరువు ఎలా తెలుస్తుందో చదివిన మహాతల్లిని. మెచ్చుకున్నారని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు ఇది నాంచారమ్మకి చెప్పాలి.


రోజు 233
మందం: 63.0

చెప్పాను. మెత్తగానే చెప్పాను. ఎంత మెత్తగా చెప్పినా ఆ మాట గరుకే.

ఆవిడ చేతిలోని గంజి బకెట్ కింద పెట్టింది. "అంటే నేనే దాన్ని చంపుతున్నానా డాక్టరమ్మా?" అంది.

"కాదండీ. కోసినప్పుడు గాయం మానింది మీ నడికట్టు వల్లే. అప్పుడది లేకపోతే తెగిపోయేది. కాకపోతే ఇరవయ్యొక్క రోజులకి తియ్యాల్సింది రెండేళ్ళు ఉంచాం."

"ఉంచాం" అనే అన్నాను. ఆవిడ గమనించిందో లేదో.

"నా తొలి కాన్పప్పుడు పన్నెండో రోజునే వల లాగడానికి పంపింది మా అత్త. అప్పుడు పట్టిన నడుం ఇంకా వదల్లేదు. నా చేతి మీద కాన్పయిన ఏ పిల్లనీ తొందరగా లేపకూడదని ఒట్టేసుకున్నానమ్మా" అంది. లేచి, వంతెన వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దుటి గంజి నేనే పోశాను. బకెట్ లాక్కునేవాళ్ళు లేరు. చాలా బరువుగా ఉంది.


రోజు 236
మందం: 62.4

మూడు రోజులు ఆవిడ రాలేదు. లంక మొత్తం నాతో మాట్లాడ్డం తగ్గించింది. దగ్గులు కూడా చూపించడం లేదు. నడికట్టు నేనే విప్పేయొచ్చు, వంతెన మీద పరీక్షలకి బోర్డు ఇచ్చిన అనుమతి కాగితం నా దగ్గరుంది. విప్పలేదు. పెంచిన చెయ్యి విప్పాలి దాన్ని.

ఇవాళ పొద్దున్న గంజి వేళకి వచ్చింది. జుట్టు ముడేసుకుని, చీర ఎగదోపుకుని, దెబ్బలాటకి వచ్చినట్టుగా.

"బాలింతను లేపాలంటే ఒక పద్ధతుంది. చేద వేయించాలి" అంది.

నాకు అర్థం కాలేదు. పేరయ్య చెప్పాడు. ఇరవయ్యొకటో రోజున బాలింతను నూతి దగ్గరికి తీసుకెళ్ళి, పసుపు కుంకుమ పెట్టి, చేద వేయించి నీళ్ళు తోడిస్తారు. ఆ రోజుకి చిన్న చెంబెడే. ఆ తర్వాత రోజుకింత చొప్పున పనిలో పడుతుంది. నీళ్ళు తోడిందంటే పథ్యం అయిపోయినట్టే.

"లంకలో నుయ్యి లేదు కదా. అదే వంక పెట్టుకుని ఊరుకున్నాను" అంది నాంచారమ్మ. "ఇది కాన్పుకి ముందు ఊరందరికీ నీళ్ళు మోసేది. అవతలి గట్టు ట్యాంకు నుంచి ఆడాళ్ళందరం దీని మీదే బిందెలు తెచ్చుకునేవాళ్ళం. మళ్ళీ దీని చేతే మోయిద్దాం. ఒకేసారి వద్దు. మొదట చెంబు."

నేను నాలుగు రోజులుగా కాగితం మీద ఒక పట్టిక వేస్తున్నాను, రోజుకి ఎంత బరువు పెంచితే నార తెగకుండా బలపడుతుందో అని. ఆవిడ చెప్పిన వరస పక్కన పెట్టి చూశాను. పెద్ద తేడా లేదు. పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మరి నా పడవ?" అన్నాడు పేరయ్య.

"పడవ చేపలు పట్టడానికిరా. ఆ సంగతే మర్చిపోయావు" అంది వాళ్ళక్క.


రోజు 237
మందం: 62.2

చేద అయింది. పెద్దతాడుకి పసుపు రాసి కుంకుమ పెట్టారు. నడికట్టు ఒక చుట్టు విప్పారు. విప్పింది నాంచారమ్మే. ఇరవై మంది ఆడవాళ్ళు చెప్పులతో, మామూలు నడకతో, తలా చెంబు నీళ్ళతో వంతెన దాటి వచ్చారు. పెద్దమ్మాయి కాస్త ఊగింది.

చెంబుల్లో సగం నీళ్ళు కారిపోయాయి. రెండేళ్ళయింది కదా, వాళ్ళకీ అలవాటు తప్పింది.


రోజు 244
మందం: 60.9

ఇంకా తగ్గుతూనే ఉంది. హద్దు కన్నా కిందికి వచ్చేశాం. కణాలు రాత్రికి రాత్రి మనసు మార్చుకోవు, తినడం ఆపి పేనడం మొదలుపెట్టాలంటే వాటికీ సమయం కావాలి. ఇది నాకు తెలుసు. తెలిసినా పొద్దున్న ఒకసారికి మూడుసార్లు కొలుస్తున్నాను.

ఊళ్ళో ఇద్దరు ముగ్గురు మళ్ళీ నడికట్టు బిగిద్దామన్నారు. నాంచారమ్మ వాళ్ళకి నా కన్నా బాగా చెప్పింది. "మంచమ్మీంచి లేచిన పిల్లకి మొదటి వారం కళ్ళు తిరుగుతాయి. తిరిగాయని మళ్ళీ పడుకోబెడతారా?"

చెంబులు పోయి ఇవాళ సగం బిందెలు మోయించాం.


రోజు 251
మందం: 60.9

తగ్గలేదు! ఇల్లలకగానే పండగ కాదని నాకు తెలుసు. అయినా ఇవాళ అలికినట్టే ఉంది. నడికట్టు మూడు చుట్లు మిగిలాయి. సైకిళ్ళను ఎక్కనిచ్చాం. బడిపిల్లలకి వంతెన మీద పరుగెత్తమని చెబితే, పాపం, ఎవరూ నమ్మలేదు. నాంచారమ్మ ముందు తను నాలుగడుగులు పరుగెత్తి చూపించింది. అరవై రెండేళ్ళ మనిషి. నడుం పట్టుకుని నవ్వుతూ కూలబడింది.


రోజు 262
మందం: 61.5

ముప్పావు బిందెలు. ఒక చుట్టు మిగిలింది. దగ్గులు మళ్ళీ చూపిస్తున్నారు.

నా పోస్ట్‌డాక్ గడువు పెంచమని సారుకి ఉత్తరం రాశాను. కారణం దగ్గర 'మరిన్ని కొలతలు అవసరం' అని రాశాను. అసలు కారణం, ఈ మనుషులంటే నాకు చాలా ఇష్టం. అది రాయడానికి ఫారంలో గడి లేదు.


రోజు 270

పొద్దున్న ఆఖరి చుట్టు విప్పారు. పసుపు గుడ్డ ఉతికి ఆరేశారు.

బోర్డు ఇంజనీరు వచ్చారు. మితభాషి, చెప్పులు విప్పబోతే నాంచారమ్మ వద్దంది. మూడు చోట్ల కొలిచారు. 62.0. 62.3. మూడోది 61.9. ఆయన తీరిగ్గా సగటు వేశారు. అరవై రెండుకి ఒక్క వెంట్రుక పైన.

"మందం సరే. బరువు పరీక్ష ఉందండీ" అన్నారు. రెండు వందల నిండు బిందెలంత బరువు మీద పెడితే వంతెన జానెడు మించి దిగకూడదు. ఆయన ఇసుక బస్తాలు తెచ్చారు. నాంచారమ్మ వాటిని చూసి మూతి ముడిచింది. "బిందెలే పెడతాం. నీళ్ళు మోసే పిల్ల నీళ్ళే మోస్తుంది" అంది. బరువు ఏదైతేనేం అని ఆయన సరేనన్నారు.

లంక మొత్తం కదిలింది. ముసలివాళ్ళూ, మగవాళ్ళూ, జీవితంలో బిందె ముట్టనివాళ్ళూ. అవతలి గట్టున ట్యాంకు దగ్గర నింపుకుని ఒక్కొక్కరే ఎక్కారు. పేరయ్య మొగలో నిలబడి లెక్కపెట్టాడు. నేను వంతెన ఎంత దిగుతుందో చూసే కొలత కర్రతో ఆ గట్టు మీదే ఉన్నాను.

"నూట తొంభై తొమ్మిదక్కో! ఒకటి తగ్గింది!" అని అరిచాడు.

నడిమధ్య నుంచి, చంకలో బిందెతో నాంచారమ్మ వెనక్కి తిరిగింది. జనం వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

"ఏవే, ఊరికే నిలబడ్డావేం? బిందె ఎత్తు!"

డాక్టరమ్మ లేదు, అండీ లేదు. కొలత కర్ర ఇంజనీరు చేతిలో పెట్టేశాను. ఎవరో బిందె నింపి నా చంకకెత్తారు. నడుం ఒక పక్కకి ఒంగిపోయింది. నీళ్ళు చీర మీద ఒలికాయి. చెప్పులతో వంతెన ఎక్కాను. పది అడుగులేశాక అరికాళ్ళకి తెలిసింది. కింద పెద్దమ్మాయి నన్ను ఎదురు లాగుతోంది, గట్టిగా, పని తెలిసిన మనిషిలా. నాకు ఏడుపొచ్చింది. బిందె ఉంది కాబట్టి తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"వస్తున్నా పిన్నీ" అన్నాను.

నాంచారమ్మ మడమతో పెద్దతాడును చిన్నగా తట్టింది. "లేచావా తల్లీ" అంది.

బెత్తెడు దిగిందట. బెత్తెడే. ఇంజనీరు సంతకం పెట్టి, దాహమేస్తోందని నా బిందెలోనే నీళ్ళు తాగారు.

సారుకి: ఇవాళ మందం 62.07. నా నడుం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం లేదు, అందుకే ఇంతకన్నా రాయలేను. రేపు పొద్దున్న ఆరింటికల్లా బిందె పట్టుకుని రమ్మంది పిన్ని.